చేతిపని యనగా నెంతవఱకు? – చెన్నపట్టణపు తోలుపనివారు

అంగడిలో తోలుసంచి యొకటి వ్రేలాడుచుండును. దానికి దారముతో చిన్న అట్టముక్క కట్టియుండును. ఆ అట్టమీద "చేతితో చేసినది" అని యుండును. ప్రక్కనే అదే రంగు, అదే కొలత గల మఱియొక సంచి యుండును. దానికి అట్ట లేదు, వెల మొదటిదానిలో నాల్గవవంతు. కొనవచ్చినవారు రెంటిని త్రిప్పి త్రిప్పి చూచి, తేడా తెలియక, అట్టను నమ్మి యెక్కువ వెల యిత్తురు. లేదా నమ్మక తక్కువ వెలదానిని తీసికొని పోవుదురు. అట్టమీది యా రెండు మాటలలో నిజ మెంత యున్నదో విచారించుటకే యీ వ్యాసము.

ఇది కేవలము కొనువారి తగవు కాదు. మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో కొందఱి తాతలు, మేనమామలు ఈ పనిలోనే బ్రదుకు గడపినవారు. వాచకములలో నేతగానిని గూర్చియు, కుమ్మరిని గూర్చియు పాఠములుండును గాని, చెప్పులు కుట్టువానిని గూర్చిన పాఠము మేము చదువుకొన్న దినములలోను చూడలేదు, చెప్పుచున్న దినములలోను చూడలేదు. హస్తకళలన్నప్పుడు కలంకారి యందుము, కొండపల్లి బొమ్మ యందుము. తోలుబొమ్మలాటను సైతము మెచ్చుకొందుము. అదే తోలుతో చెప్పు కుట్టినచో మాత్రము అది కళ యని మనకు తోచదు.

ముందుగా తోలు సంగతి తెలిసికొనవలెను.

చెన్నపట్టణమునకును తోలునకును గల సంబంధము నిన్నటిది కాదు. సెంట్రల్ రైలుస్టేషనునకు చేరువనున్న పెరియమేటు ఆంగ్లేయుల కాలమునుండియు తోళ్ల వర్తకమునకు పేరుపడిన పేట. ఆంబూరు, వాణియంబాడి, రాణీపేట మొదలగు పాలారు ప్రాంతపు టూళ్లలో పదును చేసిన తోళ్లు చెన్నపట్టణపు వర్తకుల చేతులమీదుగా రేవునకు పోయి, ఓడ నెక్కుచుండెను. సగము పదునైన యా తోళ్లకు సీమలో "ఈస్టిండియా తోళ్లు" అని పేరు. నేటికిని పెరియమేటులో తోలు చుట్టలు, అస్తరుగుడ్డలు, కొక్కెములు, జిప్పులు, జిగురుడబ్బాలు అమ్ము దుకాణములు వరుసగా నున్నవి.

ఆ ఈస్టిండియా తోళ్లకు పదును పెట్టినది మన తంగేడు. తెలంగాణములో బతుకమ్మకు పేర్చు తంగేడుపూవును మీలో కొందఱు చూచియుందురు. అది యా రాష్ట్రపు పుష్పము కూడ. తమిళులు దానిని ఆవారం అందురు. ఆ చెట్టు చెక్కలోని వగరు తోలులోని మాంసకృత్తులను పట్టి బిగించి, కుళ్లకుండ చేయును. తోలును సున్నపునీటిలో నానవైచి, వెండ్రుకలు రాచి, తంగేటిచెక్క రసములో వారముల తరబడి యుంచుదురు. తుదకు కరక్కాయ నీటిలో ముంచుదురు. అట్లు ముంచనిచో తంగేటి తోలు ఎండ తగిలిన కొలది యెఱ్ఱబారును. మన పల్లెలలో ఈ పని జరుగు తొట్టిని "లంద" అనెడివారు. ఆ మాట నేడు నిఘంటువులో తప్ప దొరకదు. తంగేటిచెక్క చాలక, తరువాతి కాలమున విదేశములనుండి తెచ్చిన వాటిల్ అను తుమ్మజాతి చెట్టు చెక్క దాని స్థానమును చాలవఱకు ఆక్రమించినది.

నగరమునకు దక్షిణమున క్రోంపేట యను పేట కలదు. దినదినము విద్యుద్రైలులో ఆ పేరు వినువారిలో ఎందఱికి దాని యర్థము తెలియును? ఇరువదవ శతాబ్ది తొలిదినములలో అక్కడ వెలసిన క్రోమ్ లెదర్ కంపెనీవలన ఆ పేరు వచ్చినది. చెట్టుచెక్కకు మారుగా క్రోమియము లవణములతో తోలును పదును చేయు పద్ధతిని మదరాసులో ప్రవేశపెట్టినవాడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను నింజనీరు. ఆయన తొలియుద్దేశములలో నొకటి చిత్రమైనది. బావులనుండి ఎద్దులచేత నీరు తోడించు మోటబొక్కెనలు నీటిలో నాని త్వరగా చివుకుచుండుట చూచి, వానికి నీటి నోర్చుకొను తోలు కావలెనని యాయన తలచెను. రైతు బొక్కెనకై వచ్చిన విద్య బూటులకును సంచులకును ప్రాకినది. చెక్కరసములో వారములు పట్టు పని క్రోమియముతో ఒకటి రెండు దినములలో ముగియును. ఆ తోలు మెత్తనిది, వేడికి ఓర్చునది. కాని వాడిన నీటిని శుద్ధి చేయక విడిచినందున పాలారు ప్రాంతపు నేలయు, బావులును ఎంత చెడెనో సుప్రీముకోర్టువారు 1996లో ఇచ్చిన తీర్పులో వివరముగా నున్నది.

తోళ్ల విద్యలో మనవాడొకనిని తలపక పోరాదు. అడయారులో 1948లో నెలకొనిన కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు 1958 మొదలు 1971 వఱకు అధ్యక్షుడుగా నుండిన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి ప్రాంతపు యలవఱ్ఱు గ్రామమున 1922లో పుట్టినవారు. (పేరు విని స్త్రీ యనుకొనకుడు.) వ్యవసాయ కుటుంబమున పుట్టి, నలుగురును చేతితో తాకుటకు వెఱచు వస్తువును శాస్త్రముగా నభ్యసించి, దేశమునకు పెద్ద పరిశ్రమ నిచ్చినవారిలో ఆయన ముఖ్యులు. 1985లో కనిష్క విమానప్రమాదమున మృతినొందిరి.

ఇంతవఱకు చెప్పినదానివలన ఒకటి తేలుచున్నది. తోలు పనివాని యొద్దకు చేరకమునుపే దానిని యంత్రము తాకియున్నది. పెద్దపీపాలను విద్యుచ్ఛక్తి త్రిప్పును, మందమును యంత్రము చీల్చును, రంగును యంత్రము చల్లును. కాబట్టి పశువు వీపునుండి కొనువాని భుజమువఱకు యంత్రము సోకని సంచి నేడు మిక్కిలి యరుదు. "చేతితో చేసినది" అన్న మాటకు అట్టి యర్థము చెప్పినచో, ఆ మాట నుపయోగించుటకు అర్హులు దాదాపు ఎవరును మిగులరు. మఱి యర్థ మెక్కడ వెదుకవలెను? పనివాని బల్లవద్ద.

బల్లమీద తోలు పఱచగానే మొదటిపని కోత. గుడ్డను కోయుటవంటిది కాదు తోలు కోయుట. గుడ్డ యంతయు ఒక్కతీరున నుండును. తోలు ఒక జంతువు దేహము. వీపుభాగము బిగువైనది, సాగదు. పొట్టభాగము వదులు, లాగినచో సాగిపోవును. మెడవద్ద ముడుతలుండును. ముండ్లకంచె గీచిన గీత, ఈగ పొడిచిన చిల్లి, వాత వేసిన మచ్చ – జంతువు బ్రదుకంతయు అక్కడ వ్రాసియుండును. సంచికి వ్రేలాడు వారును వీపునుండి తీయవలెను, లేనిచో బరువునకు సాగును. చెప్పు అట్ట బిగువైన చోటునుండి, లోపలి జేబు పొట్టనుండి. మచ్చను ముక్కల నడుమ పోవునట్లు తప్పింపవలెను గాని తోలు వ్యర్థము కారాదు. ఏలననగా అన్నిటికంటె వెల గలది తోలే. మంచి కోతగాడు కత్తి పట్టకముందు తోలుమీద అరచేయి త్రిప్పుచు చాలసేపు ఊరకుండును. ఆ ఊరకుండుటలోనే సగము పనితనమున్నది.

కర్మాగారములో ఈ కోతను అచ్చుకత్తితో చేయుదురు. రొట్టె కోయు అచ్చువలె నుండు ఉక్కుచట్రమును తోలుపై నుంచి యంత్రముతో ఒత్తినచో ముక్క యూడివచ్చును. వేయి ముక్కలు కోసినను ఒక్కటే కొలత. అచట సైతము అచ్చును ఎక్కడ పెట్టవలెనో నిర్ణయించువాడు మనుష్యుడే యని మఱవరాదు.

తరువాత అంచులు పలుచన చేయుట. రెండు ముక్కలు కలియుచోట మందము రెట్టింపు కాకుండ అంచును ఏటవాలుగా చెక్కవలెను. దీనికి వాడు వెడల్పు కత్తిని మనవారు "రంపె" అందురు. కాగితమంత పలుచన చేయుచు, చివరకు తోలు తెగకుండ ఆపవలెను. ఒక్క గింజయంత యెక్కువ నొక్కినచో ముక్క పాడగును.

ఇక కుట్టు. చేతికుట్టునకును యంత్రపుకుట్టునకును గల భేదమును విద్యార్థులు చక్కగా గ్రహింపవలెను; ఇది ఊహ కాదు, నిర్మాణములోని భేదము. కుట్టుయంత్రములో పైదారమొకటి, క్రిందిదారమొకటి. సూది దిగినప్పుడు ఆ రెండును తోలు మందము నడుమ ఒకదానినొకటి కొక్కెమువలె పట్టుకొనును. పైదారము పైననే, క్రిందిదారము క్రిందనే యుండును. ఒకచోట దారము తెగినచో పట్టు వదలి, లాగిన కొలది వరుసగా ఊడిపోవచ్చును. గుఱ్ఱపు జీనులు కుట్టువారు వాడు చేతికుట్టు అట్లు కాదు. ఒకే దారమునకు రెండు చివరల రెండు సూదులుండును. ఆరెతో రంధ్రము పొడిచి, రెండు సూదులను ఎదురెదురుగా అదే రంధ్రములో దూర్చి లాగుదురు. దారము ప్రతి రంధ్రమునందును ఇటునుండి అటు, అటునుండి ఇటు దాటును. ఒక పోగు అరిగి తెగినను రెండవ పోగు పట్టుకొనియుండును. దారమునకు మైనము రాచియుండుటచే అది రంధ్రములో బిగిసి కదలదు. దీనిని మనము జీనుకుట్టు అనవచ్చును. యంత్రము కొన్ని నిమిషములలో చేయు కుట్టునకు ఈ పద్ధతిలో గంటకు పైగా పట్టును. అందుచేతనే వెలలో అంత తేడా.

అయితే యంత్రపుకుట్టు నంతటిని నీచముగా చూచుట తగదు. పలుచని తోలును, అస్తరును, జిప్పును యంత్రము చేతికంటె చక్కగా కుట్టగలదు. చేతితో వంకరగా కుట్టిన సంచి, చేతిపని యైనంత మాత్రమున మంచిది కాజాలదు.

ఈ విషయమై పెరియమేటులో ఒక వృద్ధుని ప్రశ్నించితిమి. ఆయన తొక్కుడు మిషనుమీద నడుముపట్టీ యొకటి కుట్టుచుండెను. ఆయన ఇంటిభాష తెలుగు. తమిళము కలసిన తెలుగు. "పెద్దాయనా, మిషనుమీద కుట్టిన దానిని చేతిపని యనవచ్చునా?" అంటిమి. ఆయన పని యాపక యిట్లనెను: "అయ్యవారూ, కాలు నాది, చెయ్యి నాది, కన్ను నాది. సూది ఒకటే దానిది. పేరు సూదికి పెడతారా, నాకు పెడతారా?" మఱి అచ్చుతో కోసి పంపిన ముక్కలను తెచ్చి మీచేత కుట్టించినచో? అని మరల అడిగితిమి. ఈమాఱు మిషను ఆగినది. "అది కూలిపని అయ్యవారూ. కోసేవాడొకడు, అతికేవాడొకడు, కుట్టేవాడొకడు. సంచి ఎవరిదంటే ఎవరూ చెప్పలేరు" అనెను.

పండితులును ఇంచుమించు ఈ రెండు వాక్యముల చుట్టే తిరిగియున్నారు. 1997లో మనీలాలో యునెస్కో వారి ఆధ్వర్యమున జరిగిన సమావేశమున, పనిముట్లును యంత్రములును వాడవచ్చును గాని, తయారైన వస్తువులో పనివాని చేతి పాలే ముఖ్యభాగము కావలెనని నిర్వచించిరి. మన కేంద్ర ప్రభుత్వము 2018లో పన్నుల నిమిత్తము ఇచ్చిన నిర్వచనమును అట్టిదే: యంత్రము కొంత వాడినను ప్రధానముగా చేతితో చేసినదై యుండవలెను. కాని దానిలో మఱియొక నిబంధన కలదు. వస్తువునకు అలంకారము గాని, పొదుగుడుపని గాని, అటువంటి దృశ్యశోభ గాని చెప్పుకోదగినంత యుండవలెనట. మాకు ఈ నిబంధన సమంజసముగా తోచదు. పల్లెలో రైతు తొడిగిన కిర్రుచెప్పునకు ఏ పూవులు చెక్కిరి? అట్ట కోతలో, ఉంగటపు బిగింపులో, వారు కూర్చిన తీరులో దాని శోభ యంతయు నున్నది. నగిషీ లేనంతమాత్రమున చేతిపని కాకపోవుట వింత.

ఇంగ్లాండులో కఱ్ఱసామానుల రూపకల్పన బోధించిన డేవిడ్ పై యను నాచార్యుడు 1968లో ప్రకటించిన గ్రంథమున ఈ చిక్కును వేఱొక త్రోవను విప్పెను. చేతిపనియా, యంత్రపు పనియా యని అడుగుట నిష్ఫలమని యాయన మతము. పని నడచుచుండగా ఫలితము చెడిపోవు అవకాశ మున్నదా లేదా యని అడుగవలెను. చెడుట బాగుపడుట పనివాని నేర్పుమీద, శ్రద్ధమీద క్షణక్షణము ఆధారపడినచో అది యొక తరగతి. పని మొదలు కాకమునుపే ఫలితము నిర్ణయమైపోయినచో రెండవ తరగతి. రంపెతో అంచు చెక్కుట మొదటిది. అచ్చుకత్తితో ఒత్తుట రెండవదానికి సమీపమైనది. తొక్కుడు మిషనుపై వంపు తిప్పుచు కుట్టుట, మా యభిప్రాయమున, మొదటిదానికే సమీపము; చేయి జాఱినచో సూదిరంధ్రము తోలుమీద శాశ్వతముగా నిలుచును. గుడ్డలో తప్పుకుట్టు విప్పినచో మాయును, తోలులో మాయదు. పెరియమేటు వృద్ధుని మొదటి సమాధానమునకు ఆచార్యుని గ్రంథము సాక్ష్యము పలుకుచున్నది. రెండవ సమాధానమునకు మాత్రము ఆ గ్రంథము చాలదు.

ఏలననగా అది పనితనమును గూర్చినది కాదు, పేరును గూర్చినది. ముక్కకింత, జతకింత యని కూలి పుచ్చుకొని, పనివారు చేసిన సంచి వేఱొకరి ముద్రతో పెద్ద అంగడి కెక్కును. అప్పుడే దానికి "చేతితో చేసినది" అను అట్ట వచ్చును. ఆ అట్టమీద చేయి యున్నది గాని, ఆ చేయి ఎవరిదో లేదు.

ఈ తగవు ఇటీవల దేశాంతరములకును ప్రాకినది. 2025 జూనులో ఇటలీలోని మిలాన్ నగరమున ప్రాడా యను సంస్థవారు తమ ప్రదర్శనలో కొల్హాపురీ చెప్పులను పోలిన తోలుచెప్పులను చూపిరి. అవి ఎక్కడివో మొదట చెప్పలేదు. కొల్హాపురీ చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు లభించియున్నది. మహారాష్ట్రమున కొల్హాపురము, సాంగ్లీ, సతారా, షోలాపురము జిల్లాలును, కర్ణాటకమున బెళగాము, బాగల్‌కోట, ధార్వాడ, విజాపురము జిల్లాలును ఆ గుర్తింపులో నున్నవి. షోలాపురమున మన తెలుగువారు తరతరములుగా నున్న సంగతి మీ రెఱుగుదురు. మహారాష్ట్రమునుండి ఆక్షేపణ లేచిన పిమ్మట, తమ చెప్పులకు భారతీయ సంప్రదాయమే ప్రేరణ యని ఆ సంస్థ యొప్పుకొనినది. ఒప్పుకొనుటవలన పనివాని కూలి ఆ దినము పెరుగలేదు. కాని మాట తిన్ననైనది. మాట తిన్ననగుట యల్పమైన సంగతి కాదని భాషను బోధించు మాకు తోచుచున్నది.

ఇక్కడ మన యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. తమిళనాట అరుంధతీయులని పిలువబడు వారిలో అనేకుల యింటిభాష తెలుగు. వారందఱును తోలుపనివారు కారు. పొలములలో కూలిచేయువారును, నగరములను శుభ్రముగా నుంచువారును వారిలో మిక్కుటముగా కలరు. కాని చచ్చిన పశువును మోసి, దాని తోలును పనికివచ్చు వస్తువుగా మార్చిన విద్య వారి పూర్వులది. ఆ విద్య లేనిచో బావిలో బొక్కెన లేదు, ఎద్దు మెడకు పట్టెడ లేదు, ఊరికి డప్పు లేదు. ఆ విద్యకు ఊరు ఇచ్చిన బహుమానము ఊరిబయటి వాడ. నేటికిని బడి యావరణలో కోపము వచ్చినప్పుడు ఆ కులము పేరునే తిట్టుగా వాడు నోళ్లు లేకపోలేదు. తోలుసంచికి చేతిపని యని యెక్కువ వెల యిచ్చి, ఆ చేతిని తాకుటకు వెఱచుట యెట్టి న్యాయమో తల్లిదండ్రులే యోచింతురు గాక.

కొందఱు తండ్రులు మాతో, "మా వృత్తి మాతోనే పోవలెను, పిల్లవాడు కుర్చీలో కూర్చుండు పని చేయవలెను" అనిరి. వారి బాధ యెఱిగినవారము గనుక కాదనలేము. వృత్తి పుట్టుకతో మెడకు పడరాదు. ఇష్టముతో చేతికి రావలెను. ఇష్టమున్నవారికి నేడు త్రోవలున్నవి. అడయారు పరిశోధనాలయములోను, గిండీలోని కేంద్ర పాదరక్షల శిక్షణాలయములోను తోలు వస్తువుల రూపకల్పన, కోత, కుట్టు శాస్త్రీయముగా నేర్పుచున్నారు. అచ్చట చేరువారు ఏ కులమువారైనను కావచ్చును.

ఇక అంగడిలోని యా రెండు సంచులయొద్దకు పోవుదము. అట్టను విడిచి వస్తువును చూడవలెను. కుట్టు రెండుప్రక్కల కొంచెము ఏటవాలుగా నున్నచో జీనుకుట్టు కావచ్చును. కాని కొన్ని యంత్రములును ఏటవాలు కుట్టును అనుకరించును గనుక అది యొక్కటే చాలదు. మూల తిరుగుచోట చూడుడు. చేతితో కుట్టినవాడు అచ్చట రంధ్రముల యెడమును కొంచెము సవరించుకొని, సరిగా మూలలోనే ఒక రంధ్రము పడునట్లు చేయును. అంచును చూడుడు. చెక్కరసపు తోలైనచో అంచును తడిపి రుద్ది నునుపు చేయుదురు. చెక్కిన కొయ్యవలె మెఱయును. క్రోము తోలు అట్లు నునుపెక్కదు గనుక రంగుపూత వేయుదురు. గోరుతో గీచినచో ఆ పూత పొరగా లేచుట కలదు. వారును రెండుచేతుల లాగిచూడుడు, సాగినచో పొట్టతోలు. ఇవన్నియు చూచిన పిదప, దీనిని ఎవరు చేసిరి, ఎక్కడ చేసిరి యని అమ్మువానిని అడుగుడు. చేయించినవాని పేరు కాదు, చేసినవాని పేరు. చెప్పగలిగిన అంగళ్లును చెన్నపట్టణమున లేకపోలేదు.

మఱియొక పరీక్ష కలదు. దానికి కొన్ని యేండ్లు పట్టును. వస్తువు తెగినప్పుడు వీథి మొగను గొడుగు క్రింద కూర్చుండు చెప్పులు కుట్టువానియొద్దకు తీసికొనిపొండు. జిగురుతో అతికి, పైపూత పూసినదానిని అతడు త్రిప్పిచూచి తిరిగి యిచ్చివేయును. పట్టుకొనుటకు అందులో తోలు లేదు. తెలిసినవాడు కుట్టినదైనచో పాతదారము తీసివైచి, మైనము రాచిన క్రొత్తదారమును ఆ పాత రంధ్రములలోనే దూర్చి కుట్టును. క్రొత్త రంధ్రము పొడువడు.